ఏం లేదన్నారు

"ఏం లేదండీ, ఇంట్లో కాస్త పని చెప్పండి, సర్దుకుంటుంది." ఆ డాక్టర్ ఈ మాట నాతో కూడా కాదు, మా ఆయనతో అన్నాడు. పొద్దున నాలుగున్నరకి లేచి, ఇద్దరు పిల్లలకి క్యారేజీలు కట్టి, స్కూల్లో ఆరు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పి వచ్చే మనిషిని నేను. ఆ కోపం ఇంకా పోలేదు.

పోయినేడాది జూలైలో ఒక రాత్రి ఒంటిగంటన్నరకి మెలకువ వచ్చింది. గుండె దడదడ, చేతులు చల్లబడిపోయాయి, ఊపిరి గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. చచ్చిపోతున్నాననే అనుకున్నా. పిల్లల ముఖాలు చూద్దామని వాళ్ళ గది దాకా పోయి గడప దగ్గరే కూలబడ్డాను. మా ఆయన నా చున్నీతోనే నన్ను తన నడుముకి కట్టుకుని, బండి మీద నెల్లూరు వేదాయపాళెంలోని మా ఇంటి నుంచి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. తెల్లారేదాకా అక్కడే ఉంచారు. కిటికీలోంచి పక్క బిల్డింగ్ గోడ తప్ప ఏమీ కనపడదు, దాని మీద చెమ్మ మరకలు చూస్తూ పడుకున్నా.

తర్వాత రెండు నెలలు అలాంటి రాత్రులే. అత్తమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఆమె ప్రేమని తప్పు పట్టను. చివరికి ఒక సైకియాట్రిస్ట్ మేడమ్ దగ్గరికి వెళ్తే, "ఎదురుగా పాము లేకపోయినా పామును చూసినట్టు ఒళ్ళు అదిరిపడుతోందమ్మా, ఇది జబ్బే, పానిక్ డిజార్డర్ అంటారు" అన్నారు. జబ్బే అన్నందుకు అక్కడే ఏడ్చేశాను. మాత్రలు పనిచేయడానికి మూడు వారాలు పట్టింది.

డిసెంబర్లో పెదనాన్న పిలిస్తే దొరవారిసత్రం వెళ్ళాను. నేలపట్టు పక్షుల రక్షణ కేంద్రం అక్కడే. 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మాకెప్పుడూ అది నెల్లూరే. చెరువు నీళ్ళలో నిలబడ్డ నీటి కడప చెట్ల నిండా గూడబాతులు, కొంగలు, ఒకటే రొద. ఒక గూడబాతు నోట పుల్ల పట్టుకుని వచ్చి, గూట్లో పెట్టి, నచ్చక తీసి, మళ్ళీ పెట్టింది. "ఈ చెరువు నీళ్ళు పారితే పొలానికి వేరే ఎరువెందుకమ్మా, పిట్టల రెట్టే చాలు" అని పెదనాన్న చెప్తున్నాడు. జూలై నుంచి పది నిమిషాలకోసారి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకునే అలవాటు నాది. ఆ పూట గంట దాటినా దాని ఊసే గుర్తు రాలేదు.

1984లో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన రాసిన పరిశోధన గురించి తర్వాత చదివాను. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళలో, కిటికీలోంచి చెట్లు కనపడినవాళ్ళు ఇటుక గోడ కనపడినవాళ్ళకన్నా ముందు ఇంటికి వెళ్ళారట, గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారట. ఆ రాత్రి నా కిటికీ ముందున్న గోడ గుర్తొచ్చింది.

చెట్లు చూస్తే చాలని మాత్రలు మానకండి, దయచేసి. నన్ను లేపి నిలబెట్టింది ఆ మేడమే. కానీ ఎవరైనా "ఏం లేదు" అంటే నమ్మి ఇంట్లో ముడుచుకోకండి. నేనిప్పుడు ఆదివారం పొద్దున్నే మైపాడు పోయి సముద్రం ఒడ్డున నడుస్తున్నా, మా ఆయన టీ తాగుతూ కూర్చుంటాడు. ఆ రంగనాథస్వామి దయవల్ల మాత్ర మోతాదు సగానికి తగ్గింది.

నిన్న పెదనాన్న ఫోన్ చేశాడు. "పిట్టలు దిగినాయమ్మా, ఎప్పుడొస్తావు?" శనివారం పిల్లల్ని కూడా తీసుకుని వెళ్తున్నాను.