గిట్ పెట్టిన, ఇగ నిద్ర పడ్తది

మొన్నటిదాంక నా ప్రాజెక్టు ఫోల్డర్ల పేర్లు జూస్తే నవ్వొస్తది, బిల్లింగ్ ఫైనల్, ఫైనల్ 2, అసలు ఫైనల్, దీన్ని ముట్టకు. మిర్యాలగూడల మా మామ రైస్ మిల్లుకు బస్తాల లెక్క సాఫ్ట్‌వేర్ రాస్తున్న, ఒకరోజు కొత్త ఫైలు మీద పాతది కాపీ కొట్టిన, వారం పని పాయె. ఇగ లాభం లేదని నిన్న నల్లగొండల రూముల కూసొని, ఫైళ్ల మార్పులను గుర్తువెట్టుకునే గిట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టిన. గిట్ ఇనిట్ అని మొదలువెట్టే కమాండ్ కొట్టుడు సెకన్ పనే గానీ, ఏ ఫైళ్లు వదిలెయ్యాల్నో చెప్పే గిట్‌ఇగ్నోర్ రాయకముందే తొందరల అన్ని ఫైళ్లను ఎక్కించే గిట్ యాడ్ డాట్ కొట్టి కమిట్ చేసేసిన (అంటే చరిత్రల దాచిన), బయటి లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ల ఉన్న వేల ఫైళ్లు ఎక్కినయ్, దాంతోపాటు డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు గూడ. డిలీట్ చేస్తే పోతదనుకున్న, పోదు, పాత కమిట్‌ల అట్లనే ఉంటది! ఇంకా పుష్ చెయ్యలే (ఆన్‌లైన్ సర్వర్‌కు పంపలే) కాబట్టి బతికిన, ఆ చరిత్ర ఉండే డాట్ గిట్ ఫోల్డర్ తీసేసి మళ్ల మొదటికెళ్లి షురూ చేసిన, పాస్‌వర్డ్ గూడ మార్చిన. లైనస్ టోర్వాల్డ్స్ 2005ల లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ కోసం చేసిండు ఈ గిట్‌ను, మనం బియ్యం బస్తాలకు వాడుతున్నం 😄 కమిట్ మెసేజ్ "బస్తాల లెక్క, పనిచేస్తుంది" అని తెలుగులనే రాసిన, తీసుకుంది. మామకు లాగ్ (కమిట్ల జాబితా) చూపిస్తే "మా చిట్టా పుస్తకం లెక్కనే గదా అల్లుడూ, కొట్టేసింది గూడ కనపడ్తది" అన్నడు.