మీటరు 40 అంటోంది, డయోడ్ మాత్రం చచ్చింది

నిన్న రాత్రి నా లేజర్ డయోడ్ గంటసేపు చావకుండా వెలిగింది. దానికి ముందు మూడు పోయాయి. ఆ కడుపుమంట చల్లారకముందే రాస్తున్నాను.

650 నానోమీటర్ల ఎర్ర డయోడ్. 40 మిల్లీయాంపులతో నడపాలి, 45 దాటకూడదు. మొదట ఎల్ఎం317 రెగ్యులేటర్ చిప్‌తో చేశాను: 1.25 వోల్టులను రెసిస్టర్ విలువతో భాగిస్తే కరెంట్, 31 ఓమ్‌లు పెడితే సరిపోయింది. అక్కడితో ఆగి ఉంటే ఈ గోలే లేదు. కరెంటును తిప్పి మార్చుకోవాలన్న సరదా పుట్టి ఎల్ఎం358 ఆప్ యాంప్ (రెండు వోల్టేజీలను పోల్చి, తేడా పోయేలా తన అవుట్‌పుట్‌ను దిద్దే చిప్), ఐఆర్ఎఫ్‌జెడ్44 మాస్‌ఫెట్ (గేటు అనే కాలికిచ్చే వోల్టేజీని బట్టి కరెంటును వదిలే ట్రాన్సిస్టర్), 10 ఓమ్‌ల సెన్స్ రెసిస్టర్ (దీని మీది వోల్టేజీని బట్టి కరెంట్ తెలుస్తుంది), 9 వోల్టుల సప్లైతో కొత్తది కట్టాను.

మొదటి డయోడ్‌ను చంపింది నేనే. స్విచ్ వేసి ఉండగా డయోడ్ తగిలించాను. డయోడ్ లేనప్పుడు కరెంట్ రావట్లేదని ఆప్ యాంప్ గేటును పూర్తిగా తెరిచేసి కూర్చుంటుంది. తగిలించిన క్షణాన కొన్ని వందల మిల్లీయాంపులు దూసుకుపోతాయి. ఏడవడానికి కూడా లేదు.

రెండోది మాత్రం నా బుర్ర తినేసింది. సెన్స్ రెసిస్టర్ మీద 400 మిల్లీవోల్టులు, అంటే నిక్కచ్చిగా 40 మిల్లీయాంపులు. మీటరు కదలట్లేదు. అయినా పదినిమిషాల్లో చుక్క మసకబారి, వట్టి ఎల్‌ఈడీలా గుడ్డి వెలుగు మిగిలింది. కరెంట్ అప్పుడూ 40యే! డయోడ్లే నాసిరకం అయి ఉంటాయన్నాను. మా సీనియర్ ఒకాయన నలుగురిలో "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. నీ చేతుల్లోని స్టాటిక్‌తోనే పోతున్నాయి, పట్టీ కట్టుకో" అన్నాడు. సర్క్యూట్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఒంట్లోని స్థిర విద్యుత్తును నేలకు దించే ఆ మణికట్టు పట్టీ కట్టుకున్నాను. మూడోదీ పోయింది. అందరూ నవ్వారు.

చివరికి స్కోప్ (వోల్టేజీ క్షణక్షణం మారే తీరును తెర మీద గీతగా చూపే ఆసిల్లోస్కోప్) అరువు తెచ్చాను. మూడు 1ఎన్4007 మామూలు డయోడ్లు వరుసగా కలిపి లేజర్ బదులు పెట్టి, సెన్స్ రెసిస్టర్ మీద ప్రోబ్ ఉంచాను. గీత ఉండాల్సిన చోట రంపపు పళ్లు! కరెంట్ సెకనుకు లక్షల సార్లు 10కీ 70కీ మధ్య ఊగుతోంది. మీటరు చూపింది సగటు మాత్రమే. లేజర్‌కి సగటుతో పనిలేదు, హద్దు దాటిన ప్రతి మైక్రోసెకనూ అద్దంలాంటి దాని ముఖానికి దెబ్బే.

దోషం మాస్‌ఫెట్ గేటుది. వెయ్యి పికోఫారడ్లకు పైగా ఉన్న ఆ కెపాసిటెన్స్‌ను ఎల్ఎం358 నేరుగా తోయలేక ఆలస్యంగా దిద్దుతూ ఊగిపోతోంది. గేటుకు ముందు 100 ఓమ్‌లు, సెన్స్ రెసిస్టర్ నుంచి ఆప్ యాంప్ మైనస్ ఇన్‌పుట్ కాలికి 1 కిలోఓమ్, ఆప్ యాంప్ అవుట్‌పుట్ నుంచి అదే మైనస్ కాలికి 1 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. అంతే, గీత తిన్నగా సాగింది. మూడు రూపాయలకు మించని మూడు ముక్కల కోసం ఇంత పరువు పోయింది.

స్కోప్ దొరకనివాళ్లు ఎల్ఎం317నే వాడండి, నాలా సరదాకి పోకండి. స్టాటిక్ పట్టీ కూడా కట్టుకోండి, అది అబద్ధం కాదు. కానీ కట్టమన్నవాళ్లను మొదట సర్క్యూట్ చూడమని అడగండి. లేజర్ కాంతిని ఆపే కళ్లద్దాలు పెట్టుకోకుండా మాత్రం స్విచ్ ముట్టుకోవద్దు.

స్కోప్ తెర ఫోటో సీనియర్‌కి పంపాను. చూశాడు, బదులివ్వలేదు. చచ్చిన డయోడ్లలో రెండింటిని డమ్మీ లోడుగా (పరీక్షల్లో అసలు లేజర్ బదులు) పెట్టుకున్నాను. వెలుగు పోయినా కరెంట్ మాత్రం బాగానే తాగుతున్నాయి.