హోబర్న్‌లో 115 ఎత్తులు

లండన్‌లో హీత్రూ విమానాశ్రయం నుంచి హోబర్న్‌కి పికడిల్లీ లైన్‌లో వెళ్తే ఎక్కడా రైలు మారక్కర్లేదు. సుమారు గంట ప్రయాణం. స్టేషన్ పేరు రాతలో మధ్యన ఎల్ ఉంటుంది, నోటితో పలకరు; మ్యాపులో వెతికేవాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి. స్టేషన్ బయటికొచ్చి సౌతాంప్టన్ రో మీద ఉత్తరంగా నాలుగు నిమిషాలు నడిస్తే 2018లో 'ది కాలేజ్' అని పిలిచిన పాత రాతి భవనం వస్తుంది. ఒకప్పుడు అది కళాశాల. 2018 నవంబరులో ప్రపంచ చెస్ ఛాంపియన్‌షిప్ జరిగింది అక్కడే. ఒక పక్క నార్వేకి చెందిన ఛాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్, ఆట బలాన్ని కొలిచే రేటింగ్ 2835. ఎదుట అమెరికా నుంచి ఫాబియానో కరువానా, 2832. ఇద్దరి మధ్య తేడా మూడంటే మూడు పాయింట్లు. మొదటి ఆట 9వ తేదీ శుక్రవారం, మధ్యాహ్నం 3 గంటలకు. నేను వెళ్లింది ఆ ఒక్క ఆట కోసమే.

ఆట మూడింటికి కాబట్టి పొద్దున్నంతా ఖాళీ. అక్కడికి పది నిమిషాల నడకలో బ్రిటిష్ మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం, తలుపులు పదింటికి తీస్తారు. చెస్ కోసం వచ్చినవాళ్లు నేరుగా 40వ గదికి పోవాలి. స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో 1831లో వెలుగు చూసిన చదరంగం పావులు అక్కడ ఉన్నాయి. మొత్తం నిధిలో 93 వస్తువులుంటే 82 ఈ మ్యూజియంవి, మిగతా 11 స్కాట్లండ్ జాతీయ మ్యూజియంవి. పన్నెండో శతాబ్దపు పని; ఎక్కువ భాగం వాల్రస్ దంతంతో చెక్కినవి. మనం మంత్రి అనే పావు అక్కడ రాణి, చెంపకు చెయ్యి ఆనించుకుని దిగాలుగా కూర్చుని ఉంటుంది. మనం శకటు అనేది చేతికర్ర పట్టిన బిషప్. మన ఏనుగు స్థానంలో నిలబడ్డ సైనికుడు. ఆ సైనికుల్లో కొందరు డాలు అంచును పళ్లతో కరిచి పట్టుకుని ఉంటారు. గాజుకు ముఖం ఆనించి చూస్తే పళ్ల వరస ఒక్కొక్కటిగా కనిపిస్తుంది, కళ్లు గుండ్రంగా బయటికొచ్చి ఉంటాయి. ఆ రాత్రి చివరి గంటల్లో బోర్డు మీద బరువు మోసింది ఏనుగులే కాబట్టి ఆ ముఖం మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది.

హాల్లోకి వెళ్లేముందు గడియారం లెక్క తెలిసి ఉండాలి, లేకపోతే ఆట సగం అర్థం కాదు. ఆ మ్యాచ్‌లో మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి 100 నిమిషాలు, తర్వాతి 20 ఎత్తులకు 50, ఆపైన మిగతా ఆటంతటికీ 15. మొదటి ఎత్తు నుంచే ప్రతి ఎత్తుకీ 30 సెకన్లు కలుస్తాయి. అంటే 40 ఎత్తులయ్యేసరికి ఒక్కొక్కరి చేతిలో గరిష్ఠంగా రెండు గంటలు, ఇద్దరికీ కలిపి నాలుగు. మూడింటికి మొదలైన ఆటలో మొదటి గండం ఏడు లోపు దాటాలి. ఆ తర్వాతి 20 ఎత్తులకు ఇంకో రెండు గంటలు. 115 ఎత్తుల ఆటైతే లెక్కప్రకారం పది ఇరవై అయిదు దాకా పోవచ్చు. తిండి, నీళ్లు, తిరుగు రైలు అన్నీ ఈ లెక్కతోనే చూసుకోవాలి. ముప్పయ్యో ఎత్తు లోపు డ్రా అడగకూడదన్న నియమం కూడా ఉండేది, కాబట్టి త్వరగా అయిపోతుందన్న ఆశ పెట్టుకోకూడదు.

ఆటగాళ్లిద్దరూ శబ్దం చొరబడని గాజు గదిలో, ప్రేక్షకులు బయట చీకట్లో. ఫోన్ సంచిలోంచి తీయకుండా ఉండగలిగితేనే అంత దూరం వెళ్లినందుకు ఫలితం. ఎవరిది పైచేయో చెప్పే కంప్యూటర్ అంకె ఒక్కసారి కంట్లో పడితే చాలు, ఆపైన బోర్డు కనిపించదు, అంకే కనిపిస్తుంది. జేబులో పట్టే అయస్కాంతం బోర్డు, చిన్న నోటు పుస్తకం తీసుకెళ్లాలి. పుస్తకంలో ఎత్తు పక్కన గడియారంలో మిగిలిన సమయం కూడా రాసుకోవాలి. ఈ ఆట గుట్టంతా ఆ రెండో వరసలోనే ఉంది.

మొదటి ఎత్తు లాంఛనంగా హాలీవుడ్ నటుడు ఉడీ హారెల్సన్ వేశాడు. ఆ సందట్లో రాజు పడిపోతే నిలబెట్టాల్సి వచ్చింది. తెల్లపావులు కరువానావి. గడుల పేర్లలో అక్షరం (ఏ నుంచి హెచ్ దాకా) నిలువు వరసది, అంకె అడ్డు వరసది. ఆరంభం సిసిలియన్, అందులో రోసోలిమో పద్ధతి: మూడో ఎత్తులో బిషప్‌ని బి5కి పంపి, నాలుగో ఎత్తులోనే సి6 మీది గుర్రాన్ని కొట్టేశాడు. కార్ల్‌సన్ డి బంటుతో తిరిగి కొట్టాడు. దీంతో నల్లకి సి వరసలో జంట బంట్లు మిగిలాయి, తెల్ల వైపు తెల్లగళ్ల బిషప్ పోయింది. పదహారో ఎత్తులో నల్లరాజు మంత్రి వైపు కోటలోకి వెళ్లాడు. 25వ ఎత్తులో కరువానా రెండో బిషప్‌ని ఎఫ్4 మీది గుర్రానికి ఇచ్చి మార్చుకున్నాడు. నల్ల జి బంటు వచ్చి ఎఫ్4లో మేకులా దిగింది.

మరో ఎనిమిది ఎత్తులయ్యాక, 33 ముగిసిన చోట ఆగి చూడాలి. తెల్లకి బిషప్‌లు లేవు, ఉన్నది ఒక గుర్రం. ఏ2, బి3, సి2, డి3, ఇ4, హెచ్3: ఆరు బంట్లూ తెల్లగళ్లలోనే నిలబడ్డాయి. నల్లగళ్లకి కాపలా దిక్కు లేదు. నల్ల దగ్గర సరిగ్గా నల్లగళ్ల బిషపే బతికి ఉంది. పావులు లెక్కపెడితే ఇద్దరివీ సమానం. కానీ తెల్లరాజు నడిబోర్డులో ఇ2 గడిలో నిలబడ్డాడు, తెల్ల మంత్రీ ఏనుగూ ఎఫ్4 బంటును చూస్తూ కట్టుబడిపోయాయి. పైగా కరువానా గడియారంలో మిగిలిన నిమిషాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. కార్ల్‌సన్‌కి సమయం చాలినంత ఉంది.

34వ ఎత్తులో కరువానా గుర్రాన్ని హెచ్2కి వెనక్కి లాగాడు. అప్పుడు నల్ల మంత్రి జి5 నుంచి ఇ5కి రావాలి. అక్కడి నుంచి బి2లోకి దూరితే సి2 బంటు, దాని వెనకాలే రాజు చిక్కుల్లో పడతారు. హెచ్2లో ఉన్న గుర్రం ఆ మూలకి చేరేలోపు పని అయిపోతుంది. రెండు ఎత్తుల ముందే కార్ల్‌సన్ బిషప్‌ని ఇ5 నుంచి సి7కి తీశాడు, అంటే ఆ గడి ఖాళీగానే ఉంది. కానీ ఆయన హెచ్ బంటును ఒక గడి తోశాడు. తప్పు ఎత్తని ఎవరూ అనరు; గుర్రానికి జి4 గడి లేకుండా చేస్తుంది. అయినా అది నిమ్మళంగా బిగించే ఎత్తు, కొట్టాల్సిన చోట వేసిన ఎత్తు.

కార్ల్‌సన్ నలభయ్యో ఎత్తులో తప్పు చేసి గెలుపు పోగొట్టుకున్నాడని చెప్పడం మామూలే. నా లెక్కలో తలుపు 34 దగ్గర సగం మూసుకుంది, 40 దగ్గర గడియ పడింది. నల్లకి పైచేయి ఇంకా ఉంది, కానీ మధ్యలో దొరికిన వ్యవధిలో తెల్ల ఊపిరి పీల్చుకుంది. 38వ ఎత్తులో సి బంటును సి3కి తోసి ఆ నల్లగళ్ల ఏటవాలు దారికి అడ్డు పెట్టింది, రాజు సి2 దాకా నడిచాడు. కార్ల్‌సన్ బిషప్‌ని ఇ5కి, మంత్రిని జి7కి తెచ్చి ఆ సి3 మీదకే గురిపెట్టాడు. కరువానా గుర్రాన్ని మళ్లీ హెచ్2లో పెట్టి తన నలభయ్యో ఎత్తు పూర్తి చేశాడు.

ఆ క్షణంతో కరువానా సమయం ఇబ్బంది తీరిపోయింది. అప్పటిదాకా కార్ల్‌సన్ వేగంగా ఆడటానికి ఒక కారణం ఉంది: తాను ఆలోచిస్తూ కూర్చుంటే ఎదుటివాడు కూడా అదే సమయంలో ఆలోచించుకుంటాడు. కానీ ఇప్పుడు ఆ కారణం పోయింది. తన నలభయ్యో ఎత్తుగా బిషప్‌ని ఏటవాలుగా ఒక గడి వెనక్కి, డి6కి జరిపి ఊరుకున్నా, ఆ వెంటనే 50 నిమిషాలు వచ్చి చేరతాయి. ఆయన మాత్రం సి3 బంటును కొట్టేశాడు. బోర్డులో ఎన్నో ఎత్తులు వెనక్కి తీసుకోవచ్చు, బంటు కొట్టడాన్ని తీసుకోలేం. ఇ5 నుంచి బిషప్ కదలగానే ఎఫ్4 మేకుకి ఆసరా పోయింది. తెల్ల మంత్రి దాన్ని కొట్టింది. బిషప్ డి4కి వచ్చి ఏనుగును బెదిరిస్తే, మంత్రి ఎఫ్7లో రాజుకి చెక్ ఇచ్చి, తర్వాతి ఎత్తులో జి7 మీది మంత్రిని మార్చేసుకుంది. మంత్రులు పోయాక తెల్లరాజుకి భయం లేదు. సమయం గడువు (టైమ్ కంట్రోల్) ముందు చివరి ఎత్తుకి తిరిగి సర్దుకోగల ఎత్తే ఎంచుకోవాలని శిక్షకులు చెప్పే మాట, ఈ ఒక్క స్థానం చూపిస్తే పిల్లలకి కూడా అర్థమవుతుంది.

తర్వాత తెల్ల ఇ బంటు పరుగు తీసింది: 46లో ఇ5, 47లో ఇ6, 48లో ఇ7. నల్ల ఏనుగు ఇ8లో కాపలా కూర్చోవాల్సి వచ్చింది. చివరికి 53లో బిషప్‌ని ఆ బంటుకి ఇచ్చేసి, హెచ్ బంటును ఎరగా వదిలి, 55వ ఎత్తుకి చెరో ఏనుగు మిగిలిన ముగింపులోకి దిగారు. నల్లకి ఏ, బి, సి బంట్లు మూడు. తెల్లకి బి, డి బంట్లు రెండు.

ఒక బంటు ఎక్కువున్నా ఏనుగుల ముగింపులో గెలవడం అంత తేలిక కాదు. తెల్ల ఏనుగు వెంటనే హెచ్6కి వచ్చి పక్క నుంచి సి6 బంటు మీద కన్నేసింది. ఆ బంటును కాచడానికి నల్లరాజో ఏనుగో ఎప్పుడూ అక్కడే ఉండాలి, రెండూ కలిసి ముందుకు నడవలేవు. ఏనుగుని బంటు వెనక ఊరికే కాపలాగా నిలబెట్టకుండా దూరం నుంచి పని చేయించడం, అంతే కరువానా చేసింది. బయట నుంచి చూస్తే అరవై ఎత్తుల పాటు ఏనుగు పక్కకి, మళ్లీ పక్కకి. ఇంటికి వెళ్లిపోవాలనిపించే భాగమే, కానీ ఉండి చూడాలి. 102 తర్వాత కార్ల్‌సన్ రాజుని డి5 దాకా నడిపించాడు. అందుకు ఏ6 బంటు ఇచ్చాడు, డి4 బంటు పుచ్చుకున్నాడు. మిగిలింది బి5, సి6 బంట్లకి ఎదురుగా బి4, దాని వెనక బి3లో తెల్లరాజు. సి బంటు ముందుకి వస్తే బి4తో మారిపోతుంది, మిగిలిన ఒక్క బంటుకి ఎదురుగా రాజు ఉంటాడు. 115వ ఎత్తులో తెల్ల ఏనుగు ఏ8కి వెళ్లింది, ఇద్దరూ చేతులు కలిపారు. సుమారు ఏడు గంటల ఆట, డ్రా.

ఆ మ్యాచ్‌లో మొత్తం 12 ఆటలూ డ్రాలే. 28వ తేదీన తక్కువ సమయంతో ఆడే ర్యాపిడ్ టైబ్రేక్‌లో కార్ల్‌సన్ 3-0తో కిరీటం నిలబెట్టుకున్నాడు.

శుక్ర, శనివారాల్లో పికడిల్లీ లైన్ రాత్రంతా నడుస్తుంది, కాబట్టి ఎంత ఆలస్యమైనా తిరుగు ప్రయాణానికి బెంగ లేదు. పెట్టెలో కూర్చుని అయస్కాంతం బోర్డు మీద ఆ 34వ స్థానం పేర్చుకోవచ్చు. తెల్ల: రాజు ఇ2, మంత్రి ఎఫ్3, ఏనుగు ఎఫ్1, గుర్రం హెచ్2, పైన చెప్పిన ఆరు బంట్లు. నల్ల: రాజు సి8, మంత్రి జి5, ఏనుగు జి8, బిషప్ సి7, బంట్లు ఏ7, బి6, సి5, సి6, ఎఫ్4, హెచ్6. ఆడాల్సింది నల్ల.