చెప్పడానికి ఈవెంట్, అడగడానికి ఫంక్షన్: పలాస రేట్ల పేజీలో నా అనుభవం

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయనకి మేం సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. బిల్లు కొట్టే పేజీ పాతది, వెబ్ పేజీలు కట్టే వ్యూ 3 అనే జావాస్క్రిప్ట్ సాధనంలో ఉంది. ఆర్డర్లు తీసుకునే పేజీ తర్వాత వచ్చింది, అది అలాంటిదే ఇంకో సాధనమైన రియాక్ట్ 18లో మొదలైంది. గ్రేడు ఎంచుకునే పెట్టె మాత్రం రెండిట్లోనూ ఒకేలా ఉండాలి. డబ్ల్యూ 320 అంటే పౌను బరువుకి 300 నుంచి 320 పప్పులు తూగే రకం, డబ్ల్యూ 240 అంతకంటే పెద్ద పప్పు. ఆ తేడా మీదే రేటంతా నడుస్తుంది. అదే పెట్టెను రెండుసార్లు రాయడం ఇష్టం లేక వెబ్ కాంపోనెంట్‌గా, అంటే ఏ పేజీలోనైనా సొంత ట్యాగ్‌తో (కస్టమ్ ఎలిమెంట్) పెట్టుకునే ముక్కగా కట్టాం.

పెట్టె గీయడం తేలికే. అసలు పని కాల్‌బ్యాక్‌ల దగ్గర, అంటే పెట్టె తిరిగి పేజీతో మాట్లాడే చోట మొదలైంది. గ్రేడు మారిందని పెట్టె బయటి పేజీకి చెప్పాలి. ఆ గ్రేడుకి, ఆ బరువుకి ఈ పూట రేటెంతో పేజీని అడిగి తెలుసుకోవాలి. చెప్పడం, అడగడం ఒకటే అనుకుంటే చిక్కుల్లో పడతాం.

మొదటిదానికి కస్టమ్ ఈవెంట్, అంటే మనమే పేరు పెట్టి పంపే కబురు, సరిపోతుంది. పెట్టె మీదే ఈవెంట్ విసిరితే, పెట్టె మీద లిజనర్ (ఆ కబురు వినే ఫంక్షన్) పెట్టినవాళ్లకి నేరుగా అందుతుంది. షాడో డామ్ (పెట్టె లోపలి భాగాల్ని పేజీ నుంచి వేరుచేసే గోడ) లోపలున్న బటన్ మీంచి విసిరితే మాత్రం కంపోజ్డ్ ట్రూ పెట్టాలి, పెట్టె దాటి ఇంకా పైకి వెళ్లాలంటే బబుల్స్ కూడా. రెండూ మామూలుగా ఫాల్స్‌గానే ఉంటాయి కాబట్టి, కంపోజ్డ్ పెట్టకపోతే ఈవెంట్ గోడ దాటి బయటికి రాదు. మేం అంత దూరం పోకుండా ఎప్పుడూ పెట్టె మీంచే విసురుతున్నాం.

విజయనగరం నుంచి నాతో పనిచేసే కుర్రాడు ఇక్కడే ఒక ప్రశ్న వేశాడు. "అన్నా, రేటుకి కూడా ఈవెంటే వేసేద్దాం. పేజీ రేటు కనుక్కుని మళ్లీ మన పెట్టెలో పెడుతుంది కదా?" అలా చేయొచ్చు, చాలామంది చేస్తారు. కానీ ఈవెంట్ దండోరా లాంటిది, వేసినవాడు జవాబు కోసం ఆగడు. ఈవెంట్ విసిరే డిస్పాచ్‌ఈవెంట్ తిరిగిచ్చేది ట్రూ లేదా ఫాల్సే, అది కూడా ఎవరైనా ప్రివెంట్‌డిఫాల్ట్ (మామూలుగా జరిగేది ఆపు) అన్నారా లేదా అన్నంత వరకే. రేటు దాని వెంట రాదు. ఏ ప్రశ్నకి ఏ జవాబో జత కలిపే బరువు పేజీ మీద పడుతుంది. అందుకే రేటు అడిగే ఫంక్షన్‌ని ప్రాపర్టీగా (జావాస్క్రిప్ట్‌లో పెట్టె మీద పెట్టే విలువగా) ఇవ్వమన్నాను. పెట్టె దాన్ని పిలుస్తుంది, ప్రామిస్ (జవాబు కాసేపట్లో ఇస్తానన్న మాట) వస్తుంది, అది తీరేదాకా అవెయిట్ చేస్తుంది. అడిగిన చోటే జవాబు.

రియాక్ట్ 18 కస్టమ్ ఎలిమెంట్‌కి ప్రాప్స్‌ని (మనం ఇచ్చే విలువల్ని) ఎట్రిబ్యూట్లుగానే, అంటే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో రాసే మాటలుగానే పంపుతుంది. ఎట్రిబ్యూట్‌లో పట్టేది అక్షరాలే. ఆబ్జెక్ట్ ఇస్తే "ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్" అనే మాటగా మారి దిగుతుంది, ఫంక్షనైతే అసలు అందదు. కాబట్టి రెఫ్‌తో అసలు ఎలిమెంట్‌ని పట్టుకుని, పేజీ గీశాక నడిచే యూజ్‌ఎఫెక్ట్‌లో మనమే ప్రాపర్టీ పెట్టాలి. లిజనర్ కూడా అక్కడే తగిలించి, క్లీనప్‌లో తీసేయాలి.

ట్రయల్‌కి ఇచ్చిన రోజే ఆ జీడిపప్పు వ్యాపారి ఫోన్ చేశారు. "బాబూ, రేటు మార్చినాను గానీ ఇక్కడ పాతదే ఉండిపోనాదేటి?" ఎఫెక్ట్ డిపెండెన్సీల జాబితా (ఏవి మారితే అది మళ్లీ నడవాలో చెప్పేది) ఖాళీగా ఉంటే మొదట పెట్టిన ఫంక్షనే పెట్టెలో ఉండిపోతుంది, అది పుట్టినప్పటి రేట్లనే పట్టుకుని కూర్చుంటుంది. రేట్లను డిపెండెన్సీలో చేర్చాం. అదొక్కటే చాలదు. కొత్త ఫంక్షన్ అందినా పెట్టె దాన్ని వెంటనే పిలవకపోతే తెరమీద అంకె మారదు. అందుకే సెట్టర్‌లోనే, అంటే ప్రాపర్టీ పెట్టగానే నడిచే కోడ్‌లోనే, మళ్లీ రేటు అడిగేలా రాశాం. ప్రతి ప్రశ్నకీ ఒక వరస నంబరు వేశాం. 240 నొక్కి వెంటనే 320 నొక్కితే, ఆలస్యంగా వచ్చిన 240 జవాబు నంబరు పాతదని పక్కన పడిపోతుంది. డబ్బు లెక్క చూపించే పెట్టెకి ఈ జాగ్రత్త తప్పనిసరని నా గట్టి నమ్మకం.

వ్యూ సంగతి వేరు. ముందు ఇజ్‌కస్టమ్‌ఎలిమెంట్ అనే ఆప్షన్‌లో మా ట్యాగ్ పేరు చెప్పాం, లేకపోతే దాన్ని తన కాంపోనెంట్ అనుకుని వెతుక్కుంటుంది. ఈవెంట్లు ఇబ్బంది పెట్టలేదు. ప్రాపర్టీ పేరు దగ్గరే చూసుకోవాలి. "ఆన్" తర్వాత పెద్దక్షరం వచ్చే పేరు ఏది కనబడినా వ్యూ దాన్ని ఈవెంట్ లిజనర్‌గా లెక్కేస్తుంది. రియాక్ట్ 19 కూడా కస్టమ్ ఎలిమెంట్ మీద ఆన్‌తో మొదలయ్యే ఫంక్షన్‌ని లిజనర్‌గానే తగిలిస్తుంది. అందుకే మా ఫంక్షన్‌కి "గెట్‌రేట్" అని పేరు పెట్టాం.

ఇంకోటి, నెట్ నెమ్మదిగా ఉన్నచోట బయటపడేది. పెట్టె స్క్రిప్ట్ ఆలస్యంగా దిగితే, అది రిజిస్టర్ అయ్యేలోపే పేజీ ప్రాపర్టీ పెట్టేస్తుంది. ఆ విలువ ఎలిమెంట్ మీదే అంటుకుని, తర్వాత వచ్చిన క్లాసులోని సెట్టర్‌ని కప్పేస్తుంది. సెట్టర్ ఇక నడవదు, ఎర్రర్ కూడా రాదు. మందు చిన్నదే. పెట్టె పేజీలో చేరగానే నడిచే కనెక్టెడ్‌కాల్‌బ్యాక్‌లో ఆ పేరుతో ఎలిమెంట్‌కి సొంత ప్రాపర్టీ ఉందేమో చూసి, విలువ తీసి పక్కన పెట్టుకుని, ప్రాపర్టీని డిలీట్ చేసి, అదే విలువను మళ్లీ ఇవ్వాలి. అప్పుడు సెట్టర్ గుండా వెళ్తుంది.

2024 డిసెంబర్‌లో వచ్చిన రియాక్ట్ 19 కస్టమ్ ఎలిమెంట్లను పూర్తిగా అర్థం చేసుకుంటుంది. ఎలిమెంట్‌లో ఆ పేరుతో ప్రాపర్టీ ఉంటే ప్రాపర్టీగానే పెడుతుంది. దానికి మారాక ఆర్డర్ల పేజీలో రెఫ్, ఎఫెక్ట్ రెండూ తీసేశాం. ఆ పేజీలో పెట్టె స్క్రిప్ట్‌ని ముందే దింపుతున్నాం, లేకపోతే ప్రాపర్టీ కనబడక ఎట్రిబ్యూట్ దారి పడుతుంది. వ్యూ కూడా ప్రాపర్టీ ఉందా అని అలాగే చూసుకుంటుంది. బిల్లు పేజీలో స్క్రిప్ట్ ఎప్పుడు దిగుతుందో మా చేతిలో లేదు కాబట్టి, అక్కడ ప్రాప్ మాడిఫయర్ పెట్టి ఎప్పుడూ ప్రాపర్టీగానే ఇమ్మని కట్టేశాం.