మాస్టర్స్ గోల్ఫ్‌కి మొదటిసారి వెళ్తున్నారా? ప్రాక్టీస్ రోజు టికెట్టే అడగండి

అట్లాంటా చుట్టుపక్కల తెలిసినవాళ్ళలో ఎవరికైనా మాస్టర్స్ టికెట్ల లాటరీ తగిలిందంటే నాకు ఫోన్ వస్తుంది. మాస్టర్స్ అంటే జార్జియాలోని అగస్టా నేషనల్ క్లబ్బులో ఏటా ఏప్రిల్‌లో జరిగే పెద్ద గోల్ఫ్ పోటీ. ఏం తీసుకెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి, గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని అమ్మానాన్నల్ని తీసుకెళ్తే వాళ్ళకి విసుగు పుడుతుందా, ఎప్పుడూ ఇవే ప్రశ్నలు. నేను 2023 ఏప్రిల్‌లో మా నాన్నని తీసుకుని వెళ్ళాను. ఆయన రాజమండ్రి నుంచి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు, గోల్ఫ్ బంతిని చేత్తో పట్టుకుని కూడా ఎరగరు. ఆ రోజు ఏది బాగా జరిగింది, ఎక్కడ ఇబ్బంది పడ్డాం అన్నది ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు టికెట్టు సంగతి. మాస్టర్స్ సొంత వెబ్‌సైట్‌లో జూన్‌లో అప్లికేషన్ తీసుకుంటారు, ఒక అడ్రసుకి ఒకటే. అప్లై చేయడానికి డబ్బులు కట్టక్కర్లేదు, లాటరీలో పేరు వస్తేనే కట్టాలి. మేం వెళ్ళిన ఏడాది ప్రాక్టీస్ రోజుకి 100 డాలర్లు, అసలు ఆట రోజుకి 140. బయట ఇవే టికెట్లు వేలల్లో అమ్ముతారు కానీ వాటి జోలికి వెళ్ళకండి, అలా కొన్న టికెట్లు చెల్లవని క్లబ్బు వాళ్ళే చెబుతారు.

నన్నడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళు సోమ, మంగళ, బుధవారాల్లో ఒక ప్రాక్టీస్ రోజు పెట్టుకోండి. గురువారం నుంచి ఆదివారం దాకా జరిగే అసలు ఆటలో ఆటగాళ్ళు ఎవరి లోకంలో వాళ్ళుంటారు, జనం కూడా ఎక్కువ టెన్షన్‌లో ఉంటారు. ప్రాక్టీస్ రోజున అదే ఆటగాడు ఒకే చోటు నుంచి నాలుగు బంతులు కొడతాడు, పక్కవాడితో నవ్వుతూ మాట్లాడతాడు, పైగా కెమెరా తీసుకెళ్ళనిస్తారు. మామూలు కెమెరా సుమండీ, ఫోన్ కాదు.

ఫోన్ విషయంలో మాత్రం అగస్టా వాళ్ళు అస్సలు ఊరుకోరు. కారులోనే వదిలేయండి. లోపల దొరికితే బయటికి పంపేస్తారు, టికెట్టు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకి మళ్ళీ ఎప్పటికీ టికెట్టు రాకపోవచ్చు. కాబట్టి స్నేహితుడి టికెట్టు మీద వెళ్తుంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. లోపల అక్కడక్కడా ఉచితంగా మాట్లాడుకోవడానికి ఫోన్లు పెట్టి ఉంచుతారు, కానీ వాటిని వాడాలంటే నంబరు గుర్తుండాలి కదా. మధ్యాహ్నం ఇంటికి ఒక మాట చెబుదామని వెళ్ళి నిలబడితే నా భార్య నంబరు మూడంకెల తర్వాత గుర్తు రాలేదు, వెనక జనం ఎదురుచూస్తున్నారు. ముఖ్యమైన రెండు నంబర్లు చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. నలుగురు కలిసి వెళ్తుంటే, తప్పిపోతే ఏ చెట్టు దగ్గర, ఎన్నింటికి కలవాలో గేటు దగ్గరే మాట్లాడుకోండి.

మేం అట్లాంటా దగ్గరి కమ్మింగ్‌లో తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి ఐ-20 హైవే మీద వెళ్ళాం. పార్కింగ్ ఉచితం. ఆ వారం అగస్టాలో హోటల్ ధరలు చుక్కల్లో ఉంటాయి, అట్లాంటా నుంచి అయితే పొద్దున్నే వెళ్ళి రాత్రికి తిరిగి రావడమే మంచిది. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. బయటి తిండి, నీళ్ళు కూడా అంతే.

లోపలికి అడుగుపెట్టగానే నాన్న ఆగిపోయారు. టీవీలో చూస్తే ఆ నేల చదునుగా కనిపిస్తుంది, నిజానికి అదొక పెద్ద కొండవాలు. ఒకప్పుడు అక్కడ నర్సరీ ఉండేదని, అందుకే ఒక్కో హోల్‌కి (బంతి కొట్టడం మొదలుపెట్టే చోటు నుంచి రంధ్రం దాకా ఒక హోల్, అలాంటివి పద్దెనిమిది) ఒక్కో చెట్టు పేరో పువ్వు పేరో పెట్టారని చెప్పాను. "అయితే మన కడియం లాంటిదన్నమాట" అన్నారు. ఆ తర్వాత ఆయన ఆట కంటే మొక్కల్నే ఎక్కువ చూశారు, అజేలియా పొదల దగ్గర వంగి వేళ్ళతో మట్టి తీసి నలిపి చూశారు. కాళ్ళ కింద ఎండిన పైన్ ఆకులు మెత్తగా, బూట్ల మీద పసుపు రంగు పుప్పొడి. ఎలర్జీ ఉన్నవాళ్ళు పొద్దున్నే మాత్ర వేసుకుని రండి, జార్జియాలో ఏప్రిల్ అంటే తెలిసిందే కదా.

ఆ వాలు గురించి పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందే ఆలోచించుకోవాలి. క్లబ్ హౌస్ పైన ఉంటుంది, అందరూ చూడాలనుకునే ఆమెన్ కార్నర్, అంటే 11, 12, 13 హోల్స్, అడుగున ఉంటాయి. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది. 10వ హోల్ పక్క నుంచి దిగుతుంటే నాన్న ఇదేమంత దూరం అన్నారు, సాయంత్రం 18వ హోల్ వెంట పైకి ఎక్కేటప్పుడు మాత్రం మూడుసార్లు ఆగాల్సి వచ్చింది. మోకాళ్ళ నొప్పులుంటే మధ్యాహ్నం మూడు దాటాక మెల్లగా పైకి రావడం మొదలుపెట్టండి, చివరిదాకా కింద ఉండకండి.

ఇక నేను చేసిన తప్పు. సాహిత్ తీగల అనే మన తెలుగువాళ్ళ గోల్ఫ్ ఆటగాడికి అదే మొదటి మాస్టర్స్. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళు, అతను కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాడు. నేను అతన్ని చూపించాలని పొద్దుట మూడు గంటలు నాన్నని ఒక హోల్ నుంచి ఇంకో హోల్‌కి తిప్పాను. ప్రాక్టీస్ రోజు ఎవరు ఎప్పుడు ఏ హోల్ దగ్గర ఉంటారో టైమ్ టేబుల్ ఉండదు, చూసుకోవడానికి చేతిలో ఫోన్ కూడా లేదు. ఒక ఆటగాడినే చూడాలనుకుంటే ముందు ప్రాక్టీస్ రేంజ్ దగ్గరికి వెళ్ళండి, బంతులు కొట్టి చేయి వేడి చేసుకోవడానికి దాదాపు అందరూ అక్కడికి వస్తారు. గుర్తుపట్టడం కూడా తేలికే. ఆటగాళ్ళ సంచులు మోసే క్యాడీలందరూ తెల్లటి ఓవరాల్స్ వేసుకుంటారు, వీపు మీద ఆటగాడి ఇంటిపేరు ఆకుపచ్చ అక్షరాల్లో ఉంటుంది. ఆ పేర్లు చదువుకుంటూ ఉంటే చాలు. మేం సాహిత్‌ని చూడలేకపోయాం. "తీగల వారబ్బాయి ఎక్కడో ఆడుకుంటున్నాడులే, నువ్వు కూర్చో" అని నాన్నే నన్ను ఆపారు.

అలా 16వ హోల్ దగ్గర గట్టు మీద కూలబడ్డాం, రోజు మొత్తంలో బాగున్నది అక్కడి నుంచే. చిన్న హోల్, టీకి (మొదట బంతి కొట్టే చోటు) గ్రీన్‌కి (రంధ్రం ఉండే నున్నటి గడ్డి) మధ్య చెరువు. ప్రాక్టీస్ రోజున ఆటగాళ్ళు మామూలుగా ఒక బంతి కొట్టాక చెరువు ఒడ్డుకి వస్తారు, జనమంతా స్కిప్, స్కిప్ అని అరుస్తారు, అప్పుడు బంతిని ఎత్తుగా లేపకుండా నేరుగా నీళ్ళ మీదికి కొడతారు. అది ఠప్ ఠప్ ఠప్‌మని మూడు నాలుగుసార్లు ఎగిరి అవతలి ఒడ్డెక్కి గ్రీన్ మీదికి దొర్లుతుంది. 2009లో విజయ్ సింగ్, 2012లో మార్టిన్ కైమర్ కొట్టినవి అలాగే ఎగురుకుంటూ వెళ్ళి ఏకంగా రంధ్రంలో పడ్డాయి. నాన్న లేచి నిలబడిపోయారు. "గోదాట్లో పెంకులు విసిరి మేం వేయించిన కప్పగంతులే కదరా ఇవి" అని పక్కన కూర్చున్న అమెరికన్ పెద్దాయనకి తెలుగులోనే చెప్పేశారు, ఆయనకి ఏం అర్థమైందో కానీ ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

కుర్చీల పద్ధతి నాకు చాలా నచ్చింది. చేతులు లేని మడత కుర్చీ ఒకటి కొనుక్కుని పొద్దున్నే మీకు నచ్చిన గ్రీన్ దగ్గర వేసి పేరు రాసిన కార్డు పెట్టి వెళ్ళిపోవచ్చు, సాయంత్రం దాకా ఎవరూ కదపరు. అది ఖాళీగా ఉంటే వేరేవాళ్ళు కూర్చోవచ్చు, యజమాని రాగానే మారు మాట్లాడకుండా లేస్తారు. నాన్న అలా ముగ్గురి కుర్చీల్లో సేదతీరారు. లోపల ఎక్కడా పరుగెత్తకూడదు, ఎవరైనా బంతి కొట్టబోతుంటే ఉన్నచోటే నిలబడి మాటలు ఆపేయాలి, ఫోర్ (బంతి మీదికి వస్తోంది, జాగ్రత్త అని) కేక వినిపిస్తే పైకి చూడకుండా తల మీద చేతులు పెట్టుకోవాలి.

తిండి గురించి బెంగ వద్దు. పిమెంటో చీజ్ (తీపి ఎర్ర మిరప ముక్కలు కలిపిన చీజ్) శాండ్‌విచ్ డాలరున్నర, ఎగ్ సలాడ్ శాండ్‌విచ్ కూడా అంతే, గడ్డిలో కలిసిపోయేలా ఆకుపచ్చ కవర్లో ఇస్తారు. పిమెంటోలో మాంసం లేదు కానీ మయొనీస్ ఉంటుంది, గుడ్డు ముట్టనివాళ్ళు చిప్స్, పళ్ళు చూసుకోవాలి. నాన్న గుడ్డు తింటారు, అయినా కారం లేదని రెండో ముక్క నాకిచ్చేశారు. షాపులో వరస పొడుగ్గా ఉంటుంది, పిల్లలకి టోపీలు కొనాలనుకుంటే వెళ్ళగానే కొనేయండి, ఆ సరుకు ఇంకెక్కడా అమ్మరు.

ఆదివారం ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. చివరి రౌండ్లో సాహిత్ 16వ హోల్ దగ్గర గ్రీన్ బయటి నుంచి చిప్ చేశాడు, అంటే బంతిని చిన్నగా లేపి కొట్టాడు. బంతి వాలు మీదుగా తిరిగి తిరిగి వచ్చి లోపల పడింది, 2005లో టైగర్ వుడ్స్ కొట్టినది గుర్తొచ్చేలా. మొదటి మాస్టర్స్‌లోనే తొమ్మిదో స్థానం పంచుకున్నాడు. బంతి పడగానే నాన్న టీవీ దగ్గరికి వెళ్ళి తెర మీద చెరువు పక్కన గట్టు మీద వేలు పెట్టారు. "ఇక్కడే కదరా మనం కూర్చున్నది?"

అవును, అక్కడే.