వాక్యూమ్ ట్యూబులా, ఇంకా ఉన్నాయా అవి?

బే ఏరియాలో ఏ తెలుగోళ్ళ ఫంక్షన్‌కి వెళ్ళినా ఏ కంపెనీ అన్నా అంటారు, వాక్యూమ్ ట్యూబులు చేస్తాం అనగానే పాత రేడియోల్లో ఉండేవి కదా, ఇంకా ఉన్నాయా అంటారు. ఉన్నాయి బాబూ. రాడార్లలో, శాటిలైట్లలో ఉన్నాయి, 1977లో వెళ్ళిన నాసా వాయేజర్ నౌకలు ఇప్పటికీ మనకి డేటా పంపేది ట్రావెలింగ్ వేవ్ ట్యూబ్‌తోనే, అంటే సిగ్నల్‌ని పెంచే ఒక రకం వాక్యూమ్ ట్యూబ్. క్లిస్ట్రాన్ అనే ఇంకో రకం ట్యూబ్ అయితే పుట్టిందే ఇక్కడ, 1937లో స్టాన్‌ఫర్డ్‌లో, వేరియన్ అన్నదమ్ములు చేశారు.

ఈ లైన్లో మనవాళ్ళు పెద్దగా కనపడరు. చాలా ట్యూబులు డిఫెన్స్‌కి వెళ్తాయి కాబట్టి హెచ్1బి మీద ఉన్నోడికి డ్రాయింగ్ చూపించాలన్నా గవర్నమెంట్ పర్మిషన్ కావాలి, ఆ తలనొప్పి ఎవడు పెట్టుకుంటాడు. నేనూ గ్రీన్‌కార్డ్ వచ్చాకే ఇటొచ్చా. జీతం సాఫ్ట్‌వేర్ వాళ్ళంత రాదు, అది వేరే కథ.

పని మాత్రం భలే ఉంటుంది. ట్రావెలింగ్ వేవ్ ట్యూబ్‌కి సన్నటి టంగ్‌స్టన్ తీగని స్ప్రింగులా చుట్టి, మూడు సిరామిక్ కడ్డీల మధ్య పెట్టి, గొట్టంలోకి ఎక్కించాలి, అంతా మైక్రోస్కోప్ కిందే. ఎలక్ట్రాన్ బీమ్ దాని మధ్యలోంచి తీగకి తగలకుండా పోవాలి, సిగ్నల్ ఆ చుట్ల వెంట తిరుగుతూ దాదాపు బీమ్ స్పీడ్‌తోనే ముందుకెళ్ళాలి, చుట్ల మధ్య దూరం తేడా వస్తే గెయిన్, అంటే సిగ్నల్ పెరగడం, పోయినట్టే. ఎలక్ట్రాన్లు వదిలే క్యాథోడ్ ఇంకో పేచీ, అది దాదాపు 1000 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది, వేడికి అన్నీ సాగుతాయి కాబట్టి చల్లగా ఉన్నప్పుడు కొలిచిన గ్యాప్ ట్యూబ్ ఆన్ చేశాక ఉండదు, ఆ సాగేది ముందే లెక్కేసి పెట్టాలి. గ్లవ్స్ లేకుండా ఏదీ ముట్టుకోనివ్వరు, వేలిముద్రలో ఉండే జిడ్డు చాలు లోపల గ్యాస్ వదిలి క్యాథోడ్‌ని పాడుచేయడానికి. ఆ తర్వాత లోపలి గాలి లాగేసే పంప్ మీద ఉంచి వందల డిగ్రీల్లో రోజుల తరబడి బేక్ చేస్తారు, చివర్లో ట్యూబ్‌ని పంప్‌కి కలిపే రాగి గొట్టాన్ని హైడ్రాలిక్ దవడలతో నొక్కేస్తే రాగికి రాగి అతుక్కుని తెగిపోతుంది, మంట లేదు వెల్డింగ్ లేదు. నాకు ఎన్నిసార్లు చూసినా అదే ఇష్టం.

మా సెక్షన్లో గన్ అసెంబ్లీ, అంటే ఎలక్ట్రాన్ బీమ్ పుట్టించే భాగం, చేసేది ఒక వియత్నామీస్ పెద్దావిడ. ఎలక్ట్రోడ్‌ని ట్వీజర్‌తో అలా ఒకసారి తడుతుంది, అంతే, గేజ్‌లో సెంటర్‌కొచ్చి కూర్చుంటుంది. ఆవిడ రిటైర్ అవుతుందని మేనేజ్‌మెంట్ వీడియో తీయించి, ప్రొసీజర్ షీట్ రాయించింది. ఆ స్టెప్ దగ్గర షీట్‌లో ఉన్నది ఒక్క ముక్కే, అవసరాన్ని బట్టి సరిచేయాలి అని. ఎంత, ఎటువైపు అన్నది మళ్ళీ ఆవిడ దగ్గరకే వెళ్ళి అడుగుతున్నాం.