వాక్యం పలికే శోధన

ఈస్టరుకు ముందు క్రైస్తవులు ఉపవాస ప్రార్థనలతో గడిపే శ్రమదినాల నాలుగో శుక్రవారం నా బల్లమీదికి వచ్చిన ఒక బిల్లు ఫైలులో, రెండు కాగితాల మధ్య, టేపు అంటించిన తెల్ల కవరు కనబడింది. దాని మందం చూడగానే అమ్మాయి కాలేజీ ఫీజు గుర్తుకొచ్చింది. ఆ డబ్బు కంటే, "మన అవసరం దేవునికి తెలుసు, ఆయనే పంపాడేమో" అని నా మనసు పలికిన మాటే నన్ను ఎక్కువగా భయపెట్టింది. బైబిలులోని మత్తయి సువార్త 4వ అధ్యాయంలో అపవాది, అంటే సాతాను, కూడా 91వ కీర్తనలోని మాటలనే చెప్పి యేసును దేవాలయ శిఖరం మీదినుండి దూకమన్నాడు. 40 దినాల ఉపవాసంతో ఆకలిగొని ఉన్న ఆయన వాదన పెంచుకోలేదు. మూడు శోధనలకూ, అంటే పాపంలోకి లాగే ఆ మూడు ప్రయత్నాలకూ, బైబిలులోని ద్వితీయోపదేశకాండము 6, 8 అధ్యాయాల నుండే క్లుప్తంగా జవాబిచ్చాడు.

నేను అంత స్థిరంగా నిలబడలేదు. పావుగంటసేపు ఆ కవరు మీద అరచేయి ఆనించి కూర్చున్నాను. పోతీఫరు ఇంట్లో యజమాని భార్య పాపానికి పిలిచినప్పుడు యోసేపు తన వస్త్రాన్ని విడిచిపెట్టి బయటికి పారిపోయిన సంగతి మనసులో మెదిలాకే లేచి, వరండాలో వేచి ఉన్న మనిషిని పిలిచి, పక్క సీటులోని ఆవిడ చూస్తుండగా దాన్ని తిరిగి ఆయన చేతిలో పెట్టాను. బిల్లును నియమం ప్రకారమే పరిశీలించి పంపాను.

ఫీజుకు ఇంకా 12 వేలు తక్కువగానే ఉన్నాయి. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో అందరం మోకరించి ఆ సంగతే అడుగుతాం.